ఇరవై ఎనిమిది డాలర్ల ఇల్లు

పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు. మన హాస్టల్లో ఒక రూమ్ ఇంచుమించు ఇంతే ఉంటుంది. అమెరికన్ సాహిత్యంలో బాగా పేరున్న ఇల్లు కూడా ఇంతే. దాన్ని కట్టుకున్న మనిషి హెన్రీ డేవిడ్ థోరో. అందులో అతను ఉన్నది రెండేళ్ల రెండు నెలల రెండు రోజులు.

ఈ మధ్య మన ఫీడ్ నిండా టైనీ హౌస్ వీడియోలే కదా. చక్రాల మీద ఇల్లు, పెరట్లో టమాటాలు, సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసి పల్లెకి వెళ్లిపోయిన జంట. అలాంటి చోట థోరో పేరు తరచూ వినిపిస్తుంది. ఊరు వదిలి అడవిలోకి పారిపోయిన సన్యాసి అన్నట్టు చెప్తారు. కానీ అతని జీవితం చదివితే వేరే మనిషి కనిపిస్తాడు. పెన్సిళ్లు తయారుచేసిన మనిషి, భూములు కొలిచిన సర్వేయర్, అర సెంటు కూడా వదలకుండా లెక్క రాసుకున్న మనిషి. మన బ్రాంచ్‌లో ఉండాల్సినవాడు అనిపిస్తుంది!

థోరో 1817 జూలై 12న మసాచుసెట్స్ రాష్ట్రంలోని కాంకర్డ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రిది పెన్సిళ్ల తయారీ. తల్లి ఇంట్లో అద్దెకి మనుషుల్ని పెట్టుకుని భోజనం పెట్టేది. అంటే మధ్యతరగతి, అది కూడా కాస్త కిందివైపు. ఇంట్లో వాళ్లు తలా ఒక చెయ్యి వేసి హెన్రీని హార్వర్డ్‌లో చదివించారు. 1837లో డిగ్రీ చేతికొచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే అమెరికాలో పెద్ద ఆర్థిక సంక్షోభం. మన భాషలో చెప్పాలంటే ప్లేస్‌మెంట్స్ లేని బ్యాచ్ అన్నమాట. ఊళ్లోనే బడిపంతులు ఉద్యోగం దొరికింది. పిల్లల్ని కొట్టి అదుపులో పెట్టాలి అన్నారు పైవాళ్లు. అది నచ్చక రెండు వారాలకే మానేశాడు.

తర్వాత తండ్రి దగ్గర పెన్సిళ్ల పని. అప్పటి అమెరికన్ పెన్సిళ్లు గరుకుగా గీసేవి, మరకలు పడేవి. గ్రాఫైట్‌లో మంచి బంకమట్టి కలిపితే సీసం గట్టిగా, సాఫీగా వస్తుందని హెన్రీ పట్టుకున్నాడు. గ్రాఫైట్‌ని ఇంకా మెత్తగా పొడి చేసే యంత్రాన్ని కూడా మెరుగుపరిచాడు. థోరో పెన్సిల్ దేశంలోని మంచి పెన్సిళ్లలో ఒకటి అయ్యింది. ఆ దారిలోనే వెళ్లుంటే మంచి ఫ్యాక్టరీ ఓనర్ అయ్యేవాడు. అతనికి మాత్రం రాయాలని ఉండేది.

ఇక్కడ అన్నయ్య జాన్ గురించి చెప్పాలి. హెన్రీ కంటే రెండేళ్లు పెద్ద, అందరితో కలిసిపోయే మనిషి. 1838 నుంచి ఇద్దరూ కలిసి ఊళ్లో ఒక ప్రైవేట్ స్కూల్ నడిపారు. బెత్తం లేని స్కూల్. పిల్లల్ని పొలాలకీ, ఏటి ఒడ్డుకీ తీసుకెళ్లి చూపించేవారు. 1839 వేసవి చివర్లో అన్నదమ్ములిద్దరూ స్వయంగా చేసుకున్న పడవలో కాంకర్డ్, మెర్రిమాక్ నదుల మీద ప్రయాణం చేశారు. 1842 జనవరిలో జాన్‌కి షేవింగ్ కత్తి వేలికి తెగింది. చిన్న గాయమే. అది ధనుర్వాతంగా మారి, కొద్ది రోజుల్లోనే తమ్ముడి చేతుల్లో ప్రాణం పోయింది. ఆ తర్వాత హెన్రీకి గాయమేమీ లేకుండానే అవే లక్షణాలు వచ్చాయి, దవడలు బిగుసుకున్నాయి. ఇంట్లో వాళ్లు ఇతనూ పోతాడేమో అని భయపడ్డారు.

కోలుకున్నాక అతనికి ఒక పుస్తకం రాయాలనిపించింది. ఆ పడవ ప్రయాణం గురించి, అంటే అన్నయ్య గురించి. దానికి కావలసింది ఖాళీ సమయం. ఉద్యోగం చేస్తే సమయం ఉండదు, చేయకపోతే తిండి ఉండదు. ఈ సమస్య మనకి కొత్త కాదు. థోరో దాన్ని తిప్పి చూశాడు. ఎంత సంపాదించాలి అని కాకుండా, నిజంగా ఎంత అవసరం అని అడిగాడు.

ఊరికి ఒకటిన్నర మైళ్ల దూరంలో వాల్డెన్ అనే చెరువు ఉంది. దాని ఒడ్డున కొంత భూమిని 1844లో రచయిత ఎమర్సన్ కొన్నాడు. థోరోకి గురువు లాంటివాడు, స్నేహితుడు కూడా. అక్కడ ఇల్లు కట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. 1845 మార్చి చివర్లో థోరో ఒక గొడ్డలి అరువు తెచ్చుకుని పైన్ చెట్లు కొట్టడం మొదలుపెట్టాడు. తిరిగి ఇచ్చేటప్పుడు ఆ గొడ్డలి తెచ్చినప్పటికంటే పదునుగా ఉందని గొప్పగా రాసుకున్నాడు.

దూలాలు తనే చెక్కాడు. పలకల కోసం మాత్రం ఒక పాత గుడిసె కొన్నాడు. జేమ్స్ కాలిన్స్ అనే ఐరిష్ రైల్వే కూలీది. ధర 4 డాలర్ల 25 సెంట్లు. ఆ పక్కనుంచి వెళ్లే ఫిచ్‌బర్గ్ రైలు మార్గం పని అయిపోయింది, కూలీలు ఇంకో చోటికి కదులుతున్నారు. తెల్లారేసరికి కాలిన్స్ కుటుంబం ఒక పెద్ద మూటతో రోడ్డు మీద కనిపించింది. పరుపు, కాఫీ మర, అద్దం, కోళ్లు, అన్నీ అందులోనే. పిల్లి ఒక్కటే వెనక ఉండిపోయింది. థోరో గుడిసె విప్పి, పలకల్ని బండి మీద చెరువు దగ్గరికి చేరవేశాడు. ఆ సందట్లో సడేమియాగా పక్కనున్న ఒకాయన వంకర పోని మేకులన్నీ ఏరి జేబులో వేసుకున్నాడట.

ఈ గుడిసె సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికి వద్దాం.

1845 జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినం రోజు, థోరో ఆ ఇంట్లో చేరాడు. అప్పటికి గోడలకి గిలాబా లేదు, పొగగొట్టం లేదు. చలికాలం లోపు అవి కూడా పూర్తి చేశాడు. ఒక మంచం, ఒక బల్ల, ఒక రాతబల్ల, మూడు కుర్చీలు. కింద బంగాళదుంపలు దాచుకోవడానికి ఏడు అడుగుల లోతు గొయ్యి.

ఖర్చు ఎంతో చూడండి. పలకలు 8 డాలర్ల మూడున్నర సెంట్లు. కప్పుకీ, గోడలకీ చెక్క పెంకులు 4 డాలర్లు. అద్దాలతో సహా రెండు పాత కిటికీలు 2 డాలర్ల 43 సెంట్లు. వెయ్యి పాత ఇటుకలు 4 డాలర్లు. మేకులు 3 డాలర్ల 90 సెంట్లు. గడియ 10 సెంట్లు. సుద్దముక్క ఒక సెంటు. ఇలా అన్నీ కలిపి 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు. సుద్దముక్కని కూడా లెక్కలో రాసిన మనిషి ఇతను!

ఆ రోజుల్లో హార్వర్డ్‌లో దాదాపు అంతే సైజు హాస్టల్ గదికి ఏడాది అద్దె 30 డాలర్లు. అంటే ఒక స్టూడెంట్ ఏడాదికి కట్టే అద్దె కంటే తక్కువకి ఇతనికి సొంత ఇల్లు వచ్చింది. మరి ఊళ్లో మామూలు ఇల్లు? సుమారు 800 డాలర్లు. ఒక కూలీ అంత డబ్బు కూడబెట్టాలంటే పది పదిహేనేళ్లు పడుతుందని థోరో లెక్క. అతని దగ్గర డాలర్ అసలు యూనిట్ కాదు, జీవితమే యూనిట్. ఒక వస్తువు కోసం మన జీవితంలో ఎంత భాగం ఇచ్చేస్తున్నామో అదే దాని అసలు ధర అన్నది అతని సూత్రం. మన హోమ్ లోన్ ఈఎంఐని ఈ కొలతతో కొలిస్తే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

రైలు లెక్క ఇంకా బాగుంటుంది. ఫిచ్‌బర్గ్ 30 మైళ్లు, టికెట్ 90 సెంట్లు. అది కూలీకి దాదాపు ఒక రోజు సంపాదన. నేను ఇప్పుడే నడక మొదలుపెడితే రాత్రికి చేరిపోతాను, నువ్వు ముందు టికెట్ డబ్బులు సంపాదించి తర్వాత రైలెక్కాలి, కాబట్టి నాదే ఫాస్ట్ అని స్నేహితుడితో వాదిస్తాడు. రైలు ఎక్కే టైమ్ మాత్రమే చూసేవాళ్లకి ఈ లెక్క తట్టదు. అల్గారిథమ్‌లో మెయిన్ లూప్‌ని మాత్రమే లెక్కేసి, అంతకుముందు జరిగే పనిని వదిలేసినట్టు అన్నమాట.

ఇక వ్యవసాయం. రెండున్నర ఎకరాల్లో ఎక్కువ భాగం బీన్స్, కొంచెం బంగాళదుంపలు, మొక్కజొన్న, బఠాణీ, టర్నిప్. సాళ్లన్నీ ఒకదాని చివర ఒకటి పెడితే ఏడు మైళ్లు. పొద్దున్నే ఐదింటికి లేచి చెప్పుల్లేకుండా కలుపు తీసేవాడు. ఉడ్‌చక్‌లు అనే జంతువులు పావు ఎకరం మేసేశాయి. దున్నడానికి అరకనీ మనిషినీ కిరాయికి పెట్టుకోవాల్సి వచ్చింది. ఏడాది చివర సాగు ఖర్చు 14 డాలర్ల డెబ్భై రెండున్నర సెంట్లు, రాబడి 23 డాలర్ల 44 సెంట్లు. మిగిలింది 8 డాలర్ల డెబ్భై ఒకటిన్నర సెంట్లు. ఇంతేనా అంటారా? ఇంతే. వ్యవసాయంలో కోట్లు అనే వీడియోల పక్కన ఈ లెక్క పెడితే నిజాయితీ అంటే ఏంటో తెలుస్తుంది. రెండో ఏడాది అతను అంత భూమి జోలికి పోలేదు. ఎకరంలో మూడో వంతు మాత్రం పారతో తవ్వుకుని, అవసరమైనంతే పండించాడు. అదే బాగుందన్నాడు.

తిండికి ఎనిమిది నెలలకి 8 డాలర్ల 74 సెంట్లు. పండించిన బీన్స్‌ని ఎక్కువగా తినేవాడు కాదు, ఇచ్చేసి బియ్యం తెచ్చుకునేవాడు. భారతీయ తత్వాన్ని ఇష్టపడే తనలాంటివాడు అన్నం మీద బతకడం సబబే అని సరదాగా రాసుకున్నాడు కూడా. ఉదయాల్లో భగవద్గీత ఇంగ్లిష్ అనువాదం చదివేవాడు. 1846-47 చలికాలంలో వాల్డెన్ చెరువు గడ్డకట్టినప్పుడు వంద మంది కూలీలు వచ్చి ఆ మంచుని దిమ్మలుగా కోశారు. బోస్టన్ వ్యాపారులు అప్పట్లో మంచుని ఓడల్లో కలకత్తా, బొంబాయి, మద్రాసులకి పంపేవారు. చెన్నై బీచ్ రోడ్డులో ఇప్పుడు వివేకానంద హౌస్‌గా పిలిచే భవనం ఆ మంచు దాచడానికి కట్టిన ఐస్ హౌసే. మద్రాసువాళ్లు తన చెరువు నీళ్లు తాగుతారని, వాల్డెన్ నీరు గంగలో కలుస్తుందని థోరో ఊహించుకుని మురిసిపోయాడు.

అతనిలోని ఇంజనీర్ కూడా ఊరికే కూర్చోలేదు. వాల్డెన్ చెరువుకి అడుగే లేదని ఊళ్లో ఒక నమ్మకం. 1846 మొదట్లో చెరువు గడ్డకట్టి ఉండగా థోరో దిక్సూచి, గొలుసు, రాయి కట్టిన తాడు తీసుకుని మంచుకి కన్నాలు పెట్టి వందకి పైగా చోట్ల లోతు కొలిచాడు. ఎక్కువ లోతు 102 అడుగులు. ఈ కాలపు పరికరాలతో కొలిచినా దాదాపు అంతే వచ్చింది.

థోరో మీద ఎప్పుడూ వచ్చే విమర్శ ఒకటుంది. అడవిలో ఒంటరి బతుకు అంటాడు, మళ్లీ అమ్మ చేతి వంట తినడానికి ఇంటికి వెళ్తాడు అని. వెళ్లేవాడు, నిజమే. వారంలో చాలాసార్లు ఊళ్లోకి నడిచేవాడు, స్నేహితులు అతని దగ్గరికి వచ్చేవారు. కానీ అదేమీ రహస్యం కాదు. మూడు కుర్చీలు పెట్టుకున్నదే మనుషుల కోసం. అతను వదిలించుకున్నది మనుషుల్ని కాదు, అనవసరమైన ఖర్చుని.

అసలు గట్టి విమర్శ వేరే ఉంది. ఒక రోజు వాన పడుతుంటే థోరో జాన్ ఫీల్డ్ అనే ఐరిష్ కూలీ ఇంట్లో తలదాచుకున్నాడు. కారుతున్న కప్పు, భార్య, చాలామంది పిల్లలు. బురద నేల తవ్వితే ఎకరానికి 10 డాలర్లు. థోరో అతనికి లెక్క చెప్పాడు. టీ, కాఫీ, వెన్న, మాంసం మానేస్తే ఇంత కష్టపడక్కర్లేదు, నాలాగే ఇల్లు కట్టుకోవచ్చు అని. ఫీల్డ్ నిట్టూర్చాడు, భార్య నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. వాళ్లకి అర్థం కాలేదని థోరో రాశాడు. నాకు మాత్రం వాళ్లకి బాగానే అర్థమైందనిపిస్తుంది. పెళ్లి కాని, హార్వర్డ్‌లో చదివిన, భూమికి అద్దె కట్టక్కర్లేని మనిషి చెప్పే లెక్క పసిపిల్లలున్న ఇంట్లో కుదరదు. మన క్లాసులోనే ఎంతోమంది అమ్మానాన్నలు ఒకే గదిలో నలుగురిని పెంచారు. వాళ్లు దానికి సింపుల్ లివింగ్ అని పేరు పెట్టుకోలేదు. తక్కువతో బతకడం ఎంచుకున్నవాడికీ, వేరే దారి లేక బతికేవాడికీ తేడా ఉంది. కాలిన్స్ ఇల్లు విప్పితేనే థోరో ఇల్లు లేచింది. మూటతో నడిచిన ఆ కుటుంబం పుస్తకంలో మళ్లీ కనపడదు.

అయితే అతను తన హాయి మాత్రమే చూసుకున్నాడా అంటే, కాదు. చాలా ఏళ్లుగా తల పన్ను కట్టడం మానేశాడు. బానిసత్వాన్ని సాగనిచ్చే, మెక్సికో మీద యుద్ధం చేసే ప్రభుత్వానికి తన డబ్బు వెళ్లకూడదని. 1846 జూలైలో రిపేరుకిచ్చిన బూటు తెచ్చుకోవడానికి ఊళ్లోకి వస్తే పట్టుకుని జైల్లో పెట్టారు. ఎవరో పన్ను కట్టేశారు, మర్నాడే వదిలేశారు. బయటికొచ్చి, బూటు తీసుకుని, హకిల్‌బెర్రీ పళ్లు ఏరడానికి వెళ్లిపోయాడు. కానీ ఆ ఒక్క రాత్రి మీద రాసిన వ్యాసం 1849లో అచ్చయింది. తర్వాత శాసనోల్లంఘనం అనే అర్థం వచ్చే పేరుతో ప్రపంచమంతా తిరిగింది. దక్షిణాఫ్రికాలో గాంధీజీ అప్పటికే ఉద్యమం మొదలుపెట్టారు, ఆ వ్యాసం చదివి 1907లో తన పత్రికలో పరిచయం చేశారు. 1921లో మన చీరాల, పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో మున్సిపల్ పన్నుకి ఎదురుతిరిగారు. గాంధీజీ సలహాతో ఊరు ఖాళీ చేసి, రామనగర్ అని పేరు పెట్టుకుని నెలల తరబడి పాకల్లో ఉన్నారు. వాళ్లలో ఎంతమందికి థోరో పేరు తెలిసుంటుంది? అయినా చిన్న పాకలో బతకగలిగిన మనిషిని భయపెట్టడం కష్టం అన్న సంగతి రెండు చోట్లా ఒకటే.

ఇంతకీ చెరువు దగ్గర ఉన్న రెండేళ్లలో అన్నయ్య పుస్తకం పూర్తయిందా? అయింది. 1847 సెప్టెంబర్ 6న థోరో ఆ ఇల్లు వదిలేశాడు. చేయాల్సిన పని అయిపోయింది, ఇంకా బతకాల్సిన జీవితాలు చాలా ఉన్నాయి అనుకున్నాడు. కట్టుకున్న ఇంటిని పట్టుకుని వేలాడలేదు. పుస్తకం 1849లో సొంత ఖర్చు పూచీ మీద వెయ్యి కాపీలు అచ్చయింది, పెద్దగా అమ్ముడుపోలేదు. 1853లో పబ్లిషర్ 706 కాపీలు బండిలో ఇంటికి పంపించేశాడు. వాటిని తనే మేడ మీదికి మోసుకెళ్లి, తన లైబ్రరీలో ఇప్పుడు దాదాపు తొమ్మిది వందల పుస్తకాలున్నాయని, అందులో ఏడు వందలకి పైగా తను రాసినవేనని డైరీలో రాసుకున్నాడు. అప్పు తీర్చడానికి పెన్సిళ్లు చేశాడు, ఊరివాళ్ల భూములు కొలిచాడు. రెండో పుస్తకం వాల్డెన్‌ని ఏడుసార్లు తిరగరాసి 1854లో తెచ్చాడు. మనం ఈ రోజు అతని గురించి మాట్లాడుకుంటున్నది దానివల్లే.

1862 మే 6న క్షయతో కాంకర్డ్‌లోనే పోయాడు. వయసు 44.

ఆ ఇల్లు ఏమైందంటే, ఎమర్సన్ దాన్ని తన తోటమాలికి అమ్మాడు. 1849లో ఇద్దరు రైతులు దాన్ని తమ పొలానికి తరలించి ధాన్యం పోసుకున్నారు. 1868లో విప్పేసి ఆ చెక్కల్ని కొట్టాం బాగుకి వాడుకున్నారు. కూలీ గుడిసెలోంచి వచ్చిన పలకలు రచయిత ఇంటి మీదుగా పశువుల కొట్టాం చేరాయి. ఇల్లు ఎక్కడుండేదో కూడా జనం మర్చిపోతే, 1945లో తవ్వి పొగగొట్టం పునాది రాళ్లు కనుక్కున్నారు.

కాబట్టి ఫ్రెండ్స్, థోరోని చదివి అందరం అడవికి వెళ్లక్కర్లేదు. మన ఇళ్లల్లో చాలామందికి అది కుదరదు కూడా. కానీ రేపు ఆఫర్ లెటర్ వస్తే మనం ముందు చూసేది సీటీసీ. దాని పక్కన ఇంకో రెండు కాలమ్‌లు గీసుకోవచ్చు. ఈ డబ్బు కోసం నేను ఇచ్చే గంటలు ఎన్ని? మిగిలిన గంటలు దేనికి? మొదటిదానికి లెక్క చేయడం తేలికే. రెండోదానికి థోరో దగ్గర ముందే జవాబు ఉంది, అన్నయ్య పుస్తకం. అందుకే అతనికి పది అడుగుల ఇల్లు సరిపోయింది.